నాటుట వేఱు, నిలుపుట వేఱు

తొలకరి చినుకులు పడినతోడనే తెలుగు రాష్ట్రములు రెండింటను మొక్కలు నాటు ఉత్సవము లారంభమగుచుండును. మంత్రులు, అధికారులు, విద్యార్థులు, పురప్రముఖులు పలుగుపాఱలు చేతబట్టి గుంటలు త్రవ్వుదురు. మఱునాటి పత్రికలలో ఇన్ని లక్షల మొక్కలు నాటబడినవని లెక్కలు వెలువడును. ఈ యుత్సాహమును మేము నిందింపము. ఎండకు మండు నేలపై నొక నీడను కోరుట మంచి కోరికయే. కాని మూడేండ్లు గడచిన పిమ్మట ఆ గుంటలలో ఎన్ని మొక్కలు బ్రతికియున్నవి, వాని చుట్టును ఏ పచ్చిక మొలచినది, ఆ వాలునుండి దిగువ చెఱువులోనికి దిగు మన్ను తగ్గినదా పెరిగినదా యను లెక్కను ప్రజలయెదుట నుంచువా రరుదు. నాటిన దినమున సంఖ్య చెప్పువారు వేయిమంది. నిలిచినవాని సంఖ్య చెప్పువారు పదుగురు గూడ కానరారు. ఈ రెండు సంఖ్యలకును నడుమ నున్న అంతరమే నేడు మేము పాఠకుల దృష్టికి దేదలచిన విషయము.

ఇది చిన్న విషయము కాదు. అహమ్మదాబాదునందలి అంతరిక్ష అనువర్తన కేంద్రమువారు 2021లో ప్రకటించిన పటములనుబట్టి 2018–19 నాటికి మన దేశమున 9 కోట్ల 78 లక్షల హెక్టారుల భూమి క్షీణదశయందున్నది. అనగా దేశ విస్తీర్ణమున నూటికి ముప్పది పాళ్లకు కొంచెము తక్కువ. 2019 సెప్టెంబరులో ఢిల్లీ చెంత జరిగిన అంతర్జాతీయ సభలో ప్రధానమంత్రి 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టారుల భూమిని పునరుద్ధరింతుమని లోకమునకు మాట యిచ్చిరి. ఐక్యరాజ్యసమితి 2021 మొదలు 2030 వఱకు గల దశాబ్దమును ఈ కార్యమునకే కేటాయించినది. గనులకును, ఆనకట్టలకును, రహదారులకును అడవిని కోల్పోయిన రాష్ట్రములకు పరిహారముగా క్రొత్త యడవిని పెంచుటకై 2016లో చట్టము వచ్చెను. 2019 ఆగస్టులో ఆ నిధినుండి రాష్ట్రములకు 47,436 కోట్ల రూపాయలు విడుదలయ్యెను. ధనము కలదు, వాగ్దానము కలదు, గడువు కలదు. ఏ నేలకు ఏ చికిత్స తగునో నిర్ణయించు పరిశోధనకు మాత్రము ఆ ధనములో, ఆ గడువులో తగిన చోటు లేదు. ఇదియే మా ఫిర్యాదు.

జ్వరము వచ్చినవానికిని, ఎముక విఱిగినవానికిని ఒకే మాత్ర నిచ్చు వైద్యుని మనము గడప ద్రొక్కనీయము. భూమి విషయమున మాత్రము ఆ వైద్యమే సాగుచున్నది. కొండవాలుకు మొక్కలు, పచ్చిక బయలుకు మొక్కలు, రాతినేలకు, చవిటినేలకు, చెఱువు శిఖమునకు గూడ మొక్కలే. ఫలిత మేమైనదో చూతము. హిమాచల ప్రదేశమునందలి కాంగ్రా జిల్లాలో దశాబ్దముల తరబడి జరిగిన నాటుళ్లను పరిశోధకులు ఉపగ్రహ చిత్రములతోను, గ్రామములలోని కుటుంబముల విచారణతోను పరీక్షించి 2021లో తమ నిర్ణయమును ప్రకటించిరి. అంత ధనమును, అంత శ్రమయు వ్యయమైన పిమ్మట దట్టమైన యడవి చెప్పుకోదగినంతగా పెరుగలేదు. గ్రామస్థుల జీవనము మెఱుగుపడలేదు. పశువుల మేతకును వంటచెఱకునకును పనికివచ్చు వెడల్పాకుల చెట్లు తగ్గి, వారికంతగా పనికిరాని సూదియాకుల చెట్లు హెచ్చుటకే దారియేర్పడినది. ఇక పరిహార వనముల మాట. 2006 మొదలు 2012 వఱకు రావలసిన లక్షా మూడువేల హెక్టారుల అటవీయేతర భూమిలో చేతికి వచ్చినది సుమారు 28 వేల హెక్టారులేయనియు, అందును చెట్లు పెంచబడినది 7,280 హెక్టారులకు మించలేదనియు 2013లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలువారే తమ నివేదికలో వ్రాసిరి. పోయిన యడవి నిజమైన యడవి; వచ్చినది చాలవఱకు కాగితముపై నున్నది.

ఈ వైఫల్యమునకు మొదటి కారణము ఒక మాటలో నున్నది. ఆ మాట 'బంజరు'. శిస్తు రాని భూమిని దొరల కాలమునాటి రెవిన్యూ దస్త్రములు బంజరని వ్రాసినవి. ఆ మాట శిస్తును గూర్చినదే కాని నేలయొక్క గుణమును గూర్చినది కాదు. కాలక్రమమున ఆ భేదము మఱుగుపడి, శిస్తు లేని నేలయెల్ల ప్రాణము లేని నేలయను భావము పాలకుల మనస్సులలోను, పట్టణవాసుల మనస్సులలోను గూడ నాటుకొన్నది. అనంతపురము, కర్నూలు, మహబూబునగరు మండలములలో గొఱ్ఱెలు మేయు బయళ్లు, తక్కువ వర్షమునకు అలవాటుపడిన పొదలు, నడుమనడుమ నిలిచిన చెట్లు గల మెట్టలు నఱకబడి మిగిలిన యడవులని తలచుట పొరపాటు. వానిలో ననేకము వేలయేండ్లుగా అట్లే యున్నవి. దేశములోని మెట్ట ప్రాంతములను ఉపగ్రహ చిత్రముల సాయమున పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఇట్టి బహిరంగ సహజభూములు దేశ విస్తీర్ణమున పదియవ వంతునకు దగ్గఱగా నున్నవనియు, వానిలో అధికభాగమును ప్రభుత్వ పటములు బంజరులని పేర్కొనుచున్నవనియు 2022లో నిరూపించిరి. బంజరని పేరు పడినదానికి రక్షణము లేదు. అందు గుంటలు త్రవ్వి నీడచెట్లు నాటుట పునరుద్ధరణ మగునా? ఉన్నదానిని చెఱచి లేనిదానిని తెచ్చుట యగును.

ఈ తప్పిదమునకు మన కడప మండలమే తొలి సాక్షి. 1876–77 ప్రాంతమున మదరాసు రాజధాని యుత్తరభాగమునకు అటవీ సంరక్షకుడుగా నుండిన బెడ్డోమ్ దొర వంటచెఱకు కొఱతను దీర్చుటకై జమైకా ద్వీపమునుండి యొక ముండ్లచెట్టు విత్తనములను రప్పించెను. కమలాపురము చెంత అవి నాటబడెను. నేడు మన రైతులు సర్కారు తుమ్మయని పిలుచు చెట్టు అదియే. ఆ పేరులోనే దాని చరిత్ర యంతయు నిమిడియున్నది. వంటచెఱకు దొరకినమాట నిజము. బొగ్గు కాల్చుకొని బ్రతుకు పేదలు నేటికిని కలరు. కాని యా చెట్టు చెఱువు గర్భములను, వాగుల యొడ్డులను, బీళ్లను ఆక్రమించి, తన క్రింద పచ్చికను మొలవనీయక, గట్టు దిగి మాగాణిలోనికి వచ్చినది. గుజరాతులోని బన్నీ పచ్చికబయళ్లలో 1960ల ఆరంభమున ఉప్పునేల వ్యాపింపకుండుటకై ఈ చెట్టునే నాటిరి. నాటినచోట నది నిలువక ఆ బయళ్లలో చాల భాగమును కప్పివేసెను. ఇప్పుడు ఆ గడ్డిభూముల నెట్లు తిరిగి పొందవలెనని అచ్చటి పశుపాలకులును, పరిశోధకులును ప్రయోగములు చేయుచున్నారు. నాటుట కొక సంవత్సరము చాలును. పెఱుకుటకు నూఱేండ్లు చాలకుండుట మనము కన్నులార చూచుచున్నాము.

సరియైన పరిశోధన యెట్లుండునో తెలుపుటకును మనకు దూరదేశముల యుదాహరణము లక్కఱలేదు. అదే కడప మండలములో, లంకమల కొండల పాదమున కలివికోడి యను పక్షి కలదు. 1900 తరువాత నెవరికిని కనబడక నశించినదని లోకము తలచిన ఆ పక్షి, స్థానికులు దానిని గుర్తెఱిగియుండుటచేత, 1986లో మరల కనబడెను. అది రాత్రివేళ తిరుగును, కంటికి చిక్కదు. పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పఱచి, తెల్లవాఱగనే దాని యడుగుజాడలను వెదకిరి, యంత్రములతో చిత్రములు దీసిరి, పొదలను లెక్కించిరి. 2004లో వారు ప్రకటించిన దేమనగా, హెక్టారునకు పెద్దపొదలు 300 మొదలు 700 వఱకు నుండి, చిన్నపొదలు వేయికి లోబడియున్నచోటనే ఈ పక్షి యుండుట కవకాశ మధికము. పొదలన్నియు నఱకి దున్నినచో పక్షి పోవును. మేతయు కట్టెకొట్టుటయు పూర్తిగా మాన్పించి పొదలు దట్టముగా మూసికొన్నను పోవును. మితమైన మేత, మితమైన కట్టెవాడుక ఆ నేలను ఆ స్థితిలో నిలుపుచున్నవి. చెట్ల సంఖ్య యెంత హెచ్చిన నేల అంత బాగుపడినట్లే యను నమ్మకము నీ యొక్క పరిశోధన తలక్రిందులు చేయుటలేదా? మన కంటి కంపవలె గనబడు పొదయొక్క లెక్క తప్పినచో ప్రపంచమున మఱెచ్చటను లేని యొక ప్రాణి యిల్లు కూలునని పొదలను లెక్కించినవారు చెప్పినగాని మనకు తెలియలేదు.

క్షీణించిన యడవి నిజముగా నున్నచోట గూడ మొదటి మందు మొక్క కాకపోవచ్చును. పశ్చిమ బంగాళమునందలి అరాబారిలో 1972లో అటవీశాఖ యుద్యోగియైన అజిత్ కుమార్ బెనర్జీ, చుట్టునున్న పదునొకండు పల్లెల ప్రజలతో నొక యొడంబడిక చేసికొనెను. సుమారు 1,270 హెక్టారుల నేలలో గుగ్గిలపు చెట్లు నఱకబడి మోడులు మాత్రము మిగిలియుండెను. భూమిపై నేమియు లేకున్నను భూమిలో వేళ్లు బ్రతికియున్నవి. పల్లెవారు మోడులను కాచినచో కూలిపనియు, చిన్న యటవీఫలసాయమును, కలప యమ్మకముపై నూటికి ఇరువదియైదు పాళ్లును వారికి దక్కునని మాట. వారు కాచిరి, వేళ్లు చిగిర్చినవి, అడవి లేచినది. ఆ చిన్న ప్రయోగమే తరువాతి కాలమున దేశమంతట వెలసిన సంయుక్త అటవీ యాజమాన్యమునకును, 1992 తరువాత మన రాష్ట్రమున నేర్పడిన వనసంరక్షణ సమితులకును మాతృక. అచ్చట ఖర్చుపెట్టబడినది మొక్కల ధర కాదు, మాట నిలుపుకొనుటయే.

పూర్వపు అనంతపురము మండలమున చెన్నేకొత్తపల్లి ప్రాంతమునందలి కల్పవల్లి కథయు నిట్టిదే. 1990లో స్థాపింపబడిన టింబక్టు కలెక్టివువారును, ముష్టికోవెల మున్నగు గ్రామములవారును ఎండిపోయిన కొండలను అగ్గినుండి కాపాడిరి. గ్రామస్థులే కావలిగాచిరి, విత్తనములు చల్లిరి, చిన్నచిన్న కట్టలు వైచిరి. కొన్నియేండ్లకు బోదగడ్డి నిలువెత్తున లేచెను. వాగులవెంట ఈతచెట్లు తిరిగి వచ్చెను. పశువులకు మేత దొరకెను. కాని దస్త్రములలో ఆ నేల బంజరుగానే నిలిచియుండెను. కావున 2010 తరువాత ఆ కొండలపై గాలిమరలను నిలుపుటకు అడ్డులేకపోయెను. వానికై చీల్చిన బాటలవలన వాలులు కోసికొనిపోవుచున్నవనియు, మన్ను నీటిదారులలో పడుచున్నదనియు గ్రామస్థులు మొఱపెట్టుకొని హరిత న్యాయస్థానము మెట్లెక్కిరి. గాలినుండి విద్యుత్తును దీయుట మంచిదే. ఇరువదియేండ్లు కాచిన నేలను, కాచినవారి హక్కు నెఱుగని చట్టముచేత, ఒక్క సంతకముతో ఖాళీ భూమిగా నెంచుట మంచిదికాదు. పునరుద్ధరణమునకు శాస్త్రమెంత యవసరమో, పట్టాయు నంత యవసరమని కల్పవల్లి మనకు నేర్పుచున్నది.

అట్లని నాటుటయే వలదని మా యభిప్రాయము కాదు. తమిళనాడున ఆనమల కొండలలో వాల్పారై ప్రాంతమున తేయాకు తోటల నడుమ ముక్కలుముక్కలుగా మిగిలిన వానకాఱడవులున్నవి. అచ్చట దివ్య ముద్దప్ప, శంకర రామన్ గారలును వారి సహచరులును ఈ శతాబ్దారంభమునుండి ఆ యడవులకు జన్మతః చెందిన పెక్కుజాతుల మొక్కలను నారుపోసి పెంచి, కలుపుపొదలను దీసి, నాటుచున్నారు. వారు నాటి యూరకుండలేదు. నాటిన తావులను, నాటక విడిచిన తావులను, చెడని యడవిని ప్రక్కప్రక్కన బెట్టి కొలిచిరి. 2019లో తేలినదేమనగా, నాటిన తావులలో చెట్లజాతులును, చెట్లు నిలువజేసికొన్న బొగ్గుపులుసును విడిచిన తావులకంటె త్వరగా కోలుకొన్నవి. పెద్దయడవికి దూరమై యొంటిగా మిగిలిన ముక్కలలో ఆ లాభ మధికము. ఏలన, విత్తనములను మోసికొనివచ్చు పక్షులు అంతదూరము రావు. ఆ ప్రాంతముననే టేకు, నీలగిరి తోటలను సహజమైన యడవులతో పోల్చిచూడగా, వానలు తప్పిన యేండ్లలో ఏకజాతి తోటల బలము హెచ్చుగా తగ్గుననియు, పలుజాతుల యడవి నిలుకడగా నుండుననియు 2020లో వెల్లడియయ్యెను. కావున నాటవలసిన చోట్లును కలవు. నాటవలసిన జాతులును కలవు. ఒకచోట కావలి, ఒకచోట నాటు, ఒకచోట పెఱుకుట, ఒకచోట నేమియు చేయక విడుచుట చికిత్స. ఏది యెచ్చటనో చెప్పునది ఏండ్లకొలది సాగు పరిశీలనమే.

ఇది యడవికి, పక్షికి సంబంధించిన విషయము. మా పొలములకేమని మన భూస్వాములు తలపవచ్చును. అట్టివా రొక్కసారి తమ యూరి చెఱువు కట్టపై నిలిచి చూతురుగాక. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము 46 వేలకు పైబడిన చెఱువులను బాగుచేయ సంకల్పించెను. పూడిక దీయించి పొలములకు దోలించిరి. ఆ యొండ్రుమట్టి చెలకనేలకు బలమని రైతెఱుగును. మేలు కార్యము. కాని చెఱువులోనికి మన్ను దెచ్చునది యెగువ భూమి. ఎగువ వాలు కట్టుకొననంతకాలము పూడికదీత, పగిలిన కడవలో నీరు పోయుటవంటిది. ఈ సంగతిని మనకు స్పష్టముగా చూపినది హర్యానాయందలి సుఖోమాజ్రి పల్లె. చండీగఢమున 1958లో నిర్మింపబడిన సుఖ్నా సరస్సు పూడిపోవుచుండగా, ఆ మన్నెచ్చటినుండి వచ్చుచున్నదని 1970లలో కేంద్ర మృత్తికా జలసంరక్షణ సంస్థకు చెందిన పి. ఆర్. మిశ్రా వెదకెను. శివాలిక్ కొండవాలులపై ఆ పల్లె మేకల మేతయే ముఖ్యకారణముగా కనబడెను. ఆయన కంచె వేయింపలేదు; మట్టికట్టలు గట్టించి వాననీటిని నిలిపి, ఆ నీటిలో భూమిలేనివారికి గూడ వాటా పెట్టు నేర్పాటునకు తోడ్పడెను. నీరు లభించుటతో పల్లెవారే మేకలను మాన్పి వాలును కాచుకొనిరి. సరస్సునకు మందు సరస్సులో లేదు. యెగువ పల్లెలోని బీదవాని వాటాలో నున్నది.

పొలములో నీ పరిశోధన మన వాకిటనే జరిగినది. పటాన్‌చెరువున 1972లో వెలసిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయమువారు నల్లరేగడి నేలలో 1976 మొదలు రెండు తావులను ప్రక్కప్రక్కన నుంచి దశాబ్దములపాటు కొలిచిరి. ఒకటి పాతరీతిని వానకాలమున బీడువెట్టి, తేమపై యాసంగి పంట వేయునది; రెండవది వాలు ననుసరించి వెడల్పైన మడులును, కాలువలును తీర్చి, వానకాలముననే విత్తి, కంది మొదలగు వానిని జతజేసి, రెండు పంటలు తీయునది. సగటున మొదటిదానిలో హెక్టారునకు సుమారొక టన్నును, రెండవదానిలో సుమా రయిదు టన్నులును పండెను. కొట్టుకొనిపోయిన మన్ను రెండవదానిలో దాదాపు నాల్గవవంతే. 1999 నుండి ఆ విజ్ఞానమునే రంగారెడ్డి మండలమునందలి కొత్తపల్లిలో రైతుల చేతులమీదుగా, గట్లపై గిరిపుష్పము మొక్కలతోను, వాగులపై చిన్నయానకట్టలతోను, వానపాముల యెరువుతోను ఆచరణమున బెట్టిరి. బావులలో నీరు పెరిగెను. కొలుచుటకు మనసుండినచో దున్నినభూమియు నడవివలెనే తన చరిత్రను చెప్పును.

ఇచ్చట మన చరిత్రలోని యొక పాఠమును మఱువరాదు. అడవి పెంపకమను పేరిట ప్రజలను వెలివేయుట పరప్రభుత్వము నేర్పిన పద్ధతి. 1921–22లో పల్నాటి రైతులు పశువుల మేతపై వేసిన పుల్లరి చెల్లింపక నిలిచిరి. కన్నెగంటి హనుమంతుడు ప్రాణమునే యర్పించెను. పోడు వ్యవసాయముపైని యడవి కట్టుబాట్లపైని పేరుకొన్న బాధయే 1922–24 నాటి మన్యపు తిరుగుబాటునకు బలమిచ్చినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు తన యడవిని కాచుకొను, పునరుద్ధరించుకొను హక్కును స్పష్టముగా నిచ్చినది. అట్టిచో స్వరాజ్యమున గూడ పోడుభూమిపై, మేతబీడుపై అడుగకుండ గుంటలు త్రవ్వి, కంచె గట్టి, అది హరితకార్యమని చెప్పుకొనుట యెట్లు తగును? కాచువాడు లేని మొక్క మొదటి వేసవికే మాడును. పగబూనినవాని నడుమ నాటిన మొక్క అంతకుముందే మాయమగును.

మా మాటకు రెండు ప్రత్యుత్తరములు వచ్చుననుకొందుము. పరిశోధనకు ఇరువదియేండ్లు కావలెను, భూమికి అంత యోపిక లేదని యొకటి. మేము పని నాపుమనుటలేదు. పనిచేయుచునే కొలువుమని మాత్రము కోరుచున్నాము. నూఱెకరములు నాటునప్పుడు పదియెకరములు నాటక విడిచి, పదియెకరములు కావలిమాత్రము పెట్టి, మూడింటిని ఏటేట చూచినచో ఆ పనియే పరిశోధన యగును. దానికగు నధికవ్యయము స్వల్పము. ఇరువదియేండ్ల క్రిందటనే అట్లు చేసియుండినచో నేడు మనచేత ప్రతి మండలమునకు నొక నిర్ణయముండెడిది. రెండవది, మొక్కలు నాటుట కూలీలకు పని కల్పించుచున్నదని. నిజమే; కాని కట్టలు వేయుటయు, తుమ్మ పెఱుకుటయు, అగ్గిదారులు గీయుటయు, స్థానిక విత్తనములు సేకరించుటయు, కావలిగాచుటయు గూడ కూలియే. మొదటి పని యొక వర్షాకాలముతో ముగియును. తక్కిన పనులు పల్లెలో ఏడాది పొడుగున నిలుచును.

కావున ప్రభుత్వములకు మేము సూచించునది యిది. ప్రతి నాటుడును మూడవ, అయిదవ, పదియవ సంవత్సరములలో బయటివారిచేత లెక్కింపించి, బ్రతికినవాని సంఖ్యను గ్రామసభలో చదివింపవలయును. ఆ లెక్క చూపనిచోట మరల ధన మీయరాదు. పరిహార వననిధిలో నొక నియతభాగమును ప్రతి జిల్లాయందును శాశ్వత పరిశోధనాక్షేత్రములకై విడిగా నుంచి, 2016లో ములుగున నెలకొల్పబడిన అటవీ కళాశాలకును, వ్యవసాయ విశ్వవిద్యాలయములకును, స్థానిక కళాశాలలకును అప్పగింపవలయును. పచ్చికబయళ్లను, పొదనేలలను బంజరుల పట్టికనుండి తొలగించి వానికి వేఱొక పేరు, వేఱొక రక్షణము కల్పింపవలయును. నారుమళ్లలో తేలికగా పెరుగు నాలుగైదు జాతులతో తృప్తిపడక, ఏగిస, చండ్ర, సోమి, మోదుగ, బలుసు మొదలగు ఆయా కొండల జాతులను పెంచింపవలయును. చెఱువు పూడిక తీయించునపుడు ఆ వ్యయములో కొంతభాగము ఎగువ వాలునకై తప్పక కేటాయింపవలయును. 1952 నాటి అటవీ విధానమునుండి మనము వల్లించుచున్న నూటికి ముప్పదిమూడు పాళ్ల లెక్క దేశమంతటికిని చెప్పినది. ప్రతి మెట్టజిల్లాకును దానిని కొలబద్దగా చేయుట తగదు.

భూస్వాములకును, పట్టణవాసులకును గూడ బాధ్యత కలదు. గట్టుపైనున్న వేపను, కానుగను ట్రాక్టరు తిరుగుట కడ్డమని కొట్టించు రైతు, ఆ చెట్టు తన తాత పెట్టిన పెట్టుబడియని యెఱుగవలయును. ఊరుమ్మడి బీటిని తన సర్వే నంబరులో కలుపుకొను పెద్దమనిషి, దానితో తన చెఱువులోనికి మన్నును గూడ కొని తెచ్చుకొనుచున్నాడు. పట్టణమునందలి విద్యాధికులు జన్మదినమున నొక మొక్క నాటి ఛాయాచిత్రము దీయించుకొనుట చాలదు. తమ జిల్లాలో నిరుడు నాటిన లక్షల మొక్కలేమైనవో సమాచారపు హక్కు చట్టము క్రింద నొక యర్జీ వ్రాసి యడుగుట అంతకంటె దేశసేవ.

భూమి తన గాయమును తానే మాన్చుకొను శక్తి గలది. మనము దానికి వైరులము కాకున్న చాలును, సహాయులమైన మఱింత మేలు. ఆ సహాయము తెలిసిచేసినదై యుండవలయును. 2030 సంవత్సరము దూరమున లేదు. ఆనాడు లోకమునకు మన మిచ్చిన మాటకు లెక్క యొప్పజెప్పవలసివచ్చినపుడు, త్రవ్విన గుంటల సంఖ్యతో కాక, నిలిచిన చెట్లతోను, నిండిన బావులతోను, గొఱ్ఱెలు మేయు పచ్చికతోను, పొదలనడుమ తిరుగాడు కలివికోడి యడుగుజాడలతోను ఆ లెక్క నొప్పజెప్పగల స్థితి మనకు కలుగుగాక యని కోరుచున్నాము. అందులకు కావలసిన మొదటి పరికరము పలుగు కాదు. నాటిన నేలకు మరునాడును, మరుసటి యేడును, పదేండ్లకును తిరిగివచ్చి చూచు కన్ను.